బ్రూనీ ద్వీపం ఒక్క రోజులో: పెంగ్విన్లు, తెల్ల వాలబీలు, ఆయిస్టర్లు అన్నీ కుదురుతాయా?

ప్రశ్న (దారిబత్తెం)
జనవరిలో ఆస్ట్రేలియాలో, టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లో ఉంటాం, ఒక రోజు దగ్గర్లోని బ్రూనీ ద్వీపానికి అనుకుంటున్నాం. అద్దె కారు, నలుగురం. అమ్మకి 68 ఏళ్ళు, మెట్లు కష్టం. పెంగ్విన్లు చూసుకుని రాత్రికి వెనక్కి రావచ్చా? లైట్‌హౌస్ దాకా వెళ్ళాలా? పచ్చి ఆయిస్టర్లు (చిప్పల్లో ఉండే సముద్రపు జీవులు) ఎప్పుడూ తినలేదు, ఎలా మొదలుపెట్టాలి?

జవాబు (రేవుగట్టు)
జనవరిలో పెంగ్విన్లు కుదరవండి. అవి ఒడ్డుకెక్కేది చీకటి పడ్డాకే. జనవరి అక్కడ వేసవి, పొద్దు గుంకేసరికే ఎనిమిదిన్నర దాటుతుంది. చివరి ఫెర్రీ అంతకుముందే వెళ్ళిపోతుంది. చూడాల్సిందే అంటే రాత్రి బస చేయాలి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ చుట్టండి. తెల్ల లైటు, ఫ్లాష్ పడితే అవి బెదిరి బొరియలకి రాకుండా నీళ్ళలోనే ఆగిపోతాయి.

హోబార్ట్ నుంచి కెటరింగ్ రేవు సుమారు 35 కిలోమీటర్లు, 40 నిమిషాలు. అక్కడినుంచి ఫెర్రీ 20 నిమిషాలు. టికెట్ కారుకే, మనుషులకి కాదు. రానుపోను డబ్బు కెటరింగ్‌లోనే కట్టేస్తారు. సెలవుల్లో తొమ్మిది దాటితే కార్లు బారులు తీరతాయి, ఒక ఫెర్రీ నిండిపోతే తర్వాతదే. ఎనిమిదిలోపు రేవులో ఉండండి. సాయంత్రం ఆఖరి ఫెర్రీ మీద నమ్మకం పెట్టుకోకుండా దానికి ముందుదానికే బయల్దేరండి. పెట్రోలు హోబార్ట్‌లోనే నింపుకోండి.

జవాబు (గూటిపిట్ట)
తెల్ల వాలబీలు అడ్వెంచర్ బేలో, ఫ్లూటెడ్ కేప్ కాలిబాట మొదలయ్యే వైపు కనిపిస్తాయి. ఇవి వేరే జాతి కాదు, రంగు లోపించిన బెన్నెట్స్ వాలబీలే (వాలబీ అంటే చిన్న కంగారూ లాంటిది). ఉదయం, సాయంత్రం గడ్డిమీదకొస్తాయి, మిట్టమధ్యాహ్నం వెతికితే పొదలే మిగులుతాయి. బ్రెడ్డు పెట్టకండి, మెత్తటి తిండికి వాటి దవడలు చీము పట్టి వాస్తాయి. నలభై చుక్కల పార్డలోట్ అనే అరుదైన పిట్ట కావాలంటే తెల్ల గమ్ (ఒక రకం యూకలిప్టస్) చెట్ల పైకొమ్మల్లో చూడాలి. బొటనవేలంత పిట్ట, బైనాక్యులర్ లేకపోతే ఆశ వదులుకోవచ్చు.

నెక్ (ద్వీపం ఉత్తర, దక్షిణ భాగాల్ని కలిపే సన్నని ఇసుక పట్టీ) దగ్గర ట్రుగనిని వ్యూపాయింటుకి 279 మెట్లు. అమ్మగారు కింద చెక్కబాట దగ్గరే ఉండొచ్చు, బీచ్ అక్కడే.

లైట్‌హౌస్ 1838లో వెలిగించిన పాతది, చోటు బాగుంటుంది. కానీ దారిలో చివరి భాగం కంకర రోడ్డు. అడ్వెంచర్ బే నుంచి ముప్పావుగంట పైనే. ఒక్క రోజులో లైట్‌హౌస్, తీరం వెంట మూడు గంటల బోటు షికారు రెండూ పెట్టుకుంటే రెండూ పరుగే. జంతువులే ముఖ్యమైతే బోటు. ఫ్రయర్స్ రాళ్ళమీద సీళ్ళు ఉంటాయి. దక్షిణాన అలలు గట్టిగా ఉంటాయి కాబట్టి వాంతి మాత్ర ఎక్కకముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

జవాబు (ఉప్పుగాలి)
బోటు విషయంలో అమ్మగారిని చూసి నిర్ణయించండి. కుదుపు బాగా ఉంటుంది, నడుమునొప్పి ఉంటే వద్దు. లైట్‌హౌస్‌కే వెళ్తే అద్దె కారు ఒప్పందం ముందు చదవండి. కంకర రోడ్డుమీద దెబ్బ తగిలితే బీమా వర్తించదని కొన్నిట్లో ఉంటుంది. ఫ్లూటెడ్ కేప్, లైట్‌హౌస్ రెండూ సౌత్ బ్రూనీ నేషనల్ పార్కులోవే, పార్కు పాస్ కావాలి.

ఇక ఆయిస్టర్లు. గ్రేట్ బేలో, నెక్‌కి ముందే దొరుకుతాయి. కారులోంచే కొనుక్కునే దుకాణం ఉంది. తొలిసారైతే నలుగురికి డజను చాలు. విప్పిన చిప్పలో నీళ్ళు తేటగా, సముద్రపు వాసనతో ఉండాలి, ముక్కుకి ఘాటు తగిలితే వదిలేయండి. నిమ్మరసం రెండు చుక్కలు, మిరియాలు, అంతే. గుటుక్కున మింగకుండా రెండుసార్లు నమిలితేనే తీపి తెలుస్తుంది. వేసవిలో గుడ్లు నిండి పాలలా జిడ్డుగా ఉండేవి వస్తాయి, చెడ్డవి కావు. నచ్చకపోతే వండినవి అడగండి. వాటిలో కిల్‌ప్యాట్రిక్ అంటే బేకన్ (పంది మాంసం) వేసి వండినవి, అది తినకపోతే ముందే చెప్పండి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళు పచ్చివి మానేయాలి.

రాళ్ళకి అంటుకున్న చిప్పలు మీరే ఏరుకుని తినకండి. నాచు విషం చేరి ఉంటే ఉడికించినా పోదు. ఫామ్‌లవి పరీక్షించి అమ్ముతారు, తేడా అక్కడే.

దారిబత్తెం
ధన్యవాదాలండి. బోటు, లైట్‌హౌస్ రెండూ తీసేశాం. పొద్దున అడ్వెంచర్ బే, మధ్యాహ్నం తిరిగొస్తూ గ్రేట్ బేలో ఆయిస్టర్లు. సరిపోతుందా?

రేవుగట్టు
సరిపోతుంది. కానీ ఆ దుకాణం మూసే వేళ ముందే చూసుకోండి, లేదా వెళ్తూనే తినేయండి. కొన్నవి ఎండలో కారు డిక్కీలో మాత్రం పెట్టకండి.