ట్రాకర్ ఉండి కూడా బైక్ పోయింది. ఈసారి ఏది పెట్టించాలి?

ఖాళీ స్టాండ్ (ప్రశ్న)

పోయిన ఏడాది నా బైక్ పోయింది. ఇంటి ముందే, హ్యాండిల్ లాక్ వేసి ఉండగానే. రాత్రి 11కి గేటు వేస్తూ చూశాను, ఉంది. పొద్దున్న 6కి అక్కడ ఆయిల్ మరక ఒక్కటే మిగిలింది.

ఇంకా సిగ్గుచేటు విషయం ఏంటంటే, దానికి జీపీఎస్ ట్రాకర్ ఉంది. గాభరాగా యాప్ తెరిస్తే చివరి లొకేషన్ 40 రోజుల కిందటిది. సిమ్ వ్యాలిడిటీ అయిపోయి ట్రాకర్ నోరు మూసుకుని 40 రోజులైందని అప్పుడు తెలిసింది. పెట్టించిన కొత్తలో రోజుకు పదిసార్లు మ్యాప్ చూసుకునేవాణ్ణి, ఆఫీసులో కూర్చుని బైక్ పార్కింగ్‌లోనే ఉందని చూసి మురిసిపోయేవాణ్ణి. నెల తిరిగేసరికి ఆ మోజు తీరిపోయింది. రీఛార్జ్ చేయకపోవడం నా తప్పే, కాదనను. కానీ అమ్మినవాళ్లు ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే బాగుండేది కదా.

ఇప్పుడు కొత్త బైక్ కొన్నాను, పాత కారు ఒకటి ఉంది. రెండింటికీ పెట్టించాలి. షాపులో చూస్తే వైర్లు కలిపేవి, కారులో మెకానిక్ లోపాలు చూసే ఓబీడీ సాకెట్‌లో గుచ్చేవి, అయస్కాంతంతో అతుక్కునే బ్యాటరీవి, ఇవి కాక తాళంచెవులకు తగిలించే బ్లూటూత్ ట్యాగులు. అన్నీ "100 శాతం సేఫ్" అనే అట్టపెట్టెలే.

నా భయాలు రెండు. పని మీద రెండేసి వారాలు ఊళ్లు తిరుగుతాను, తిరిగొచ్చేసరికి బైక్ బ్యాటరీ చచ్చిపోతుందేమో. రెండోది, ఫోన్ నుంచి ఇంజిన్ ఆపే సౌకర్యం ఉందంటున్నారు. కారు మా ఆవిడ నడుపుతుంది. నడిరోడ్డు మీద అది దానంతట అదే ఆగిపోతే? ఆమె అయితే "దొంగ కంటే నీ యంత్రంతోనే నాకు టెన్షన్" అంటోంది.

ప్లగ్ అండ్ ప్లే

ఎక్కువ ఆలోచించకండి అన్నా. కారుకు ఓబీడీ తీసుకోండి. స్టీరింగ్ కింద గుచ్చితే అయిపోయింది, ఐదు నిమిషాల పని. వైర్లు కోసే గొడవ లేదు, వారంటీ గొడవ లేదు. నేను మూడేళ్లుగా వాడుతున్నా, ఒక్క సమస్య లేదు.

టెస్ట్ ల్యాంప్

పైన చెప్పినవారు ఏమీ అనుకోవద్దు. మూడేళ్లుగా సమస్య లేదంటే మూడేళ్లుగా దొంగ రాలేదని అర్థం. ఐదు నిమిషాల్లో మీరు గుచ్చినదాన్ని వాడు ఐదు సెకన్లలో పీకేస్తాడు. పైగా కొన్ని కార్లకు కొత్త తాళంచెవి ప్రోగ్రామ్ చేసే పరికరాన్ని దొంగ పెట్టేది ఆ సాకెట్‌లోనే. అంటే వాడి చెయ్యి ముందు వెళ్లే చోటనే మీ కాపలావాణ్ణి నిలబెట్టారు. పిల్లలు బండి ఎలా నడుపుతున్నారో చూసుకోవడానికి ఓబీడీ మంచిదే, దొంగతనానికి కాదు.

నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ట్రాకర్లు బిగించిన బళ్లకంటే, వేరేవాళ్లు బిగించినవి విప్పి మళ్లీ సరిగ్గా బిగించిన బళ్లే ఎక్కువ చూశాను. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ట్రాకర్ చేసేవి రెండు వేర్వేరు పనులు. వినడం, చెప్పడం. ఆకాశంలో 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నల్ విని, కనీసం నాలుగింటి సాయంతో తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. ఉపగ్రహానికి మాత్రం మీ బండి సంగతి ఏమీ తెలియదు. లెక్కగట్టిన చోటును మీకు చెప్పాలంటే సిమ్, మొబైల్ నెట్‌వర్క్ కావాలి. మీ పాత బైక్‌లో వినడం చివరిదాకా బాగానే జరిగి ఉంటుంది, ఆగిపోయింది చెప్పడం. అందుకే కొనేటప్పుడు "ఎన్ని మీటర్ల కచ్చితత్వం" అని అడిగేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆరుబయట ఏ మంచి ట్రాకరైనా కొన్ని మీటర్ల తేడాలో చూపిస్తుంది. అడగాల్సింది అది కాదు. "ఇది మూగబోతే నాకెవరు చెబుతారు?" అని అడగండి.

చచ్చిపోయిన ట్రాకర్ తాను చచ్చిపోయానని చెప్పలేదు. ఆ మాట సర్వర్ చెప్పాలి. ఇన్ని గంటలుగా ఈ పరికరం నుంచి ఉలుకూ పలుకూ లేదని మీ ఫోన్‌కు కబురు పంపాలి. దీన్ని ఆఫ్‌లైన్ అలర్ట్ అంటారు. ఇది లేని కంపెనీది మీకు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. సిమ్ అయిపోయినా, వైరు తెగినా, దొంగ మొబైల్ సిగ్నల్‌ను నొక్కేసే జామర్ పెట్టినా అన్నింటికీ పనికొచ్చే అలర్ట్ ఇదొక్కటే. జీపీఎస్ సిగ్నల్ నేలకు చేరేసరికి ఎంత బలహీనంగా ఉంటుందంటే, అది వచ్చే 1575.42 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద చిన్న జామర్ గోల చేసినా మునిగిపోతుంది. మొబైల్ సిగ్నల్‌ను కూడా కలిపి నొక్కేసే జామర్లు ఉన్నాయి. చాలా దేశాల్లో వాడకం నేరమే, అయినా దొంగకు అదొక లెక్కా?

ఇక బ్యాటరీ. మీ బైక్ బ్యాటరీ 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో పట్టే ఛార్జ్ కొలత) అనుకుందాం. బండి ఆగినప్పుడు నిద్రపోయే ట్రాకర్ 5 మిల్లీ ఆంప్స్ తీసుకుంటే రోజుకు 0.12 ఏహెచ్. రెండు వారాలకు 1.7 దాకా, అంటే మూడో వంతు. బ్యాటరీ కొత్తదైతే స్టార్ట్ అవుతుంది. అదే నిద్రపోవడం రాని రకం 30 మిల్లీ ఆంప్స్ లాగుతుంటే రోజుకు 0.72, వారానికి బ్యాటరీ ఖాళీ. కారులో 45 ఏహెచ్ బ్యాటరీ ఉంటే ఆ 1.7 లెక్కలోకే రాదు. కాబట్టి బైక్‌కు కొనేటప్పుడు స్లీప్ కరెంట్ ఎంతో కాగితం మీద చూపించమనండి. నేనైతే బిగించాక మీటర్ పెట్టి కొలుస్తాను, ఎందుకంటే కాగితం మీద 5 అని రాసి 18 లాగినవి నా టేబుల్ మీదకు వచ్చాయి.

ఇంజిన్ ఆపే రిలే, అంటే ట్రాకర్ చెబితే వైరును తెంచే స్విచ్, ఆ విషయంలో మీ ఆవిడ భయం న్యాయమైనదే. కొందరు దాన్ని పెట్రోల్ పంపు వైరులో పెడతారు. కదులుతున్న కారుకు పంపు ఆగితే ఇంజిన్ పోతుంది, దాంతో పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేక్ గట్టిపడుతుంది. నేను స్టార్టర్ వైరులోనే పెడతాను. అప్పుడు ఆగి ఉన్న కారు స్టార్ట్ కాదంతే, నడుస్తున్న కారు ఆగదు. మామూలు సమయంలో కలిసి ఉండే కాంటాక్ట్ వాడమని కూడా చెప్పండి. ట్రాకర్ చెడిపోయినా మీ కారు మామూలుగా స్టార్ట్ అవుతుంది. దొంగ ట్రాకర్‌ను పీకేస్తే వాడికీ స్టార్ట్ అవుతుందనుకోండి, అది వేరే సంగతి.

బిగించే చోటు గురించి ఒక్క మాట. యాంటెన్నా వైపు ఆకాశానికి ఉండాలి, పైన ప్లాస్టిక్, ఫోమ్, బట్ట ఏదున్నా ఫర్వాలేదు. రేకు ఉండకూడదు. బైక్‌కు సీటు కింద బ్యాటరీ పక్కనే పెడితే సీటు ఎత్తినవాడికి మొదట కనిపించేది అదే. హెడ్‌లైట్ వెనకో, వెనక ప్లాస్టిక్ ప్యానెల్ లోపలో పెట్టించండి. వైరుకు అసలు వైరింగ్ రంగు టేపే చుట్టించండి. మెరిసే కొత్త టేపు దారి చూపిస్తుంది. ఫ్యూజ్ లేకుండా కలిపితే మాత్రం ఆ మనిషి దగ్గర ఇంకేమీ చేయించకండి.

2జీ మాత్రమే ఉన్నది కొనొద్దు. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా 2016 డిసెంబరులో, అమెరికాలో ఏటీ అండ్ టీ 2017 మొదట్లో 2జీ ఆపేశాయి. మిగతా చోట్లా ఒక్కొక్కరూ ఆపుతున్నారు. 4జీ ఉన్నది తీసుకోండి.

దొరికిన కారు

నా కారు పోయి దొరికింది. అందుకే రాస్తున్నా.

తెల్లవారుజామున 2:40కి కదలిక అలర్ట్ వచ్చింది. ఫోన్ సైలెంట్‌లో ఉంది. నేను చూసింది 6 తర్వాత. అప్పటికి మ్యాప్ మీద చుక్క మూడు కిలోమీటర్ల దూరంలో ఒక పెద్ద బిల్డింగ్ సెల్లార్‌లోకి దిగే ర్యాంప్ దగ్గర ఆగిపోయి ఉంది. దొంగలు బండిని వెంటనే దూరం తీసుకెళ్లరట. ట్రాకర్ ఉంటే ఎవరైనా వెతుక్కుంటూ వస్తారా అని ఎక్కడో ఒకచోట వదిలేసి కొన్ని రోజులు చూస్తారట. ఈ మాట నాకు పోలీసాయన చెప్పాడు.

ఈలోగా వాళ్లు బ్యాటరీ టెర్మినల్ ఊడదీశారు. ట్రాకర్ లోపల ఉండే చిన్న బ్యాటరీ కొన్ని గంటలే నిలిచింది. మూడో రోజు రాత్రి కారును అక్కణ్ణుంచి మార్చారు. దొరికింది రెండో పరికరం వల్ల. డిక్కీ లైనింగ్ వెనక, ఏ వైరూ లేని బ్యాటరీ ట్రాకర్ ఒకటి పడేసి ఉంచాను. రోజుకు ఒక్కసారే మేల్కొని లొకేషన్ పంపి పడుకుంటుంది. ఆ ఒక్కసారి చాలింది.

కాబట్టి నా మాట: వైరుది ఒకటి, వైరు లేనిది ఒకటి. మొదటిది పరుగెత్తడానికి, రెండోది ఓపిక పట్టడానికి. బండి 60 వేగంతో పోతుంటే నిమిషానికి కిలోమీటరు దాటిపోతుంది, అందుకని వైరుదాన్ని కదిలేటప్పుడు 10 సెకన్లకోసారి పంపేలా పెట్టుకోండి. ఆ కదలిక అలర్ట్ ఒక్కదానికి ఫోన్‌లో సైలెంట్‌ను దాటి మోగే అనుమతి ఇవ్వండి.

చుక్క కనిపించగానే మీరే వెళ్లిపోకండి. నేను సెల్లార్ దాకా ఒంటరిగా వెళ్లాను, చేతిలో గొడుగు పట్టుకుని. ఇప్పుడు తలుచుకుంటే కాళ్లు వణుకుతాయి. లైవ్ లింకు పోలీసులకు ఇవ్వండి, పక్కన ఉండి చూపించండి.

రాత్రి షిఫ్ట్

బ్లూటూత్ ట్యాగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్ లాంటివాటిలో సిమ్ ఉండదు, దగ్గరలో వెళ్తున్నవాళ్ల ఫోన్ల ద్వారా చోటు తెలుస్తుంది. బటన్ సెల్‌తో ఏడాది దాకా నడుస్తుంది, జనం తిరిగేచోట బ్రహ్మాండం. కానీ మనుషులను వెంబడించడానికి వాడకుండా ఉండాలని, తెలియని ట్యాగ్ వెంట వస్తుంటే ఫోన్ హెచ్చరించేలా చేశారు. 2024 మే నుంచి ఐఫోన్లతో పాటు ఆండ్రాయిడ్‌లోనూ ఇతర కంపెనీల ట్యాగులకూ ఈ హెచ్చరిక వస్తోంది. అంటే దొంగ జేబులో ఫోనే వాడికి చాడీ చెబుతుంది. మూడోదిగా పడేసుకోండి, అదొక్కటే నమ్ముకోకండి.

ఇంకొకటి. కొన్న రోజే పాస్‌వర్డ్ మార్చండి. 2022 జులైలో ఎంవీ720 అనే ట్రాకర్‌లో భద్రతా లోపాలు బయటపడ్డాయి. వేరేవాళ్లు బండి ఎక్కడుందో చూడటమే కాదు, ఇంధనం కూడా ఆపగలరని తేలింది. చాలా ట్రాకర్లు ఇప్పటికీ 123456తోనే పెట్టెలోంచి బయటికొస్తున్నాయి.

ఖాళీ స్టాండ్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. బైక్‌కు 4జీ వైరుది పెట్టించాను, ముందు టేబుల్ మీద మీటర్ పెట్టించి చూశాను. పెట్టె మీద 4 అని ఉంది, నిద్రలో 6 మిల్లీ ఆంప్స్ వచ్చింది. సరేననుకున్నాను. కారుకు వైరుది ఒకటి, డిక్కీలో వైరు లేనిది ఒకటి. రిలే స్టార్టర్ వైరులోనే. మా ఆవిడ వంటింట్లో కూర్చుని ఫోన్‌లో నొక్కింది, నేను కారులో తాళం తిప్పాను. స్టార్ట్ కాలేదు. తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆమె మళ్లీ నొక్కింది, ఆగలేదు. రెండోసారి నొక్కింది, మూడోసారి నొక్కింది. అప్పుడు ఒప్పుకుంది.

దొంగతనం రిహార్సల్ కూడా చేశాం. మా తమ్ముడికి తాళంచెవి ఇచ్చి, చెప్పకుండా ఎప్పుడో ఒక రాత్రి బైక్ తీసుకెళ్లిపొమ్మన్నాను. నాలుగో రాత్రి 1:15కి ఫోన్ మోగింది. లేచి మ్యాప్ చూసేసరికి వాడు మలుపు తిరుగుతున్నాడు. ఆఫ్‌లైన్ అలర్ట్ పరీక్షిద్దామని సిమ్ తీసేస్తే మాత్రం ఆరు గంటలైనా ఉలుకు లేదు. యాప్‌లో చూస్తే అది 24 గంటలకు పెట్టి ఉంది. ఒక గంటకు మార్చాను. సిమ్ వ్యాలిడిటీకి ఫోన్ క్యాలెండర్‌లో వారం ముందే మోగేలా పెట్టాను, మా ఆవిడ ఫోన్‌లో కూడా.

ఒక్క సందేహం మిగిలింది. రాత్రి లైట్లు ఆర్పి చూస్తే బైక్ వెనక ప్యానెల్ సందులోంచి నీలం లైటు ఒకటి మిణుకుమంటోంది. అది ఆపే సెట్టింగ్ యాప్‌లో ఎక్కడుంటుంది?

టెస్ట్ ల్యాంప్

కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. వెతుకుతూ కూర్చోకండి. ప్యానెల్ విప్పి నల్ల టేపు ముక్క అంటించండి. యాంటెన్నా మీద కాదు, లైటు మీద మాత్రమే.