సినిక్‌కి తెలుగులో ఏమందాం?

సినిక్ అనే ఇంగ్లీషు మాటకి తెలుగు కావాలండీ, ఎవరు మంచి చేసినా వెనక ఏదో స్వార్థం ఉందనుకునేవాడని అర్థం. నిన్న ఒక అనువాదంలో నిరాశావాది అని రాసేసి పడుకున్నా, పొద్దున చదివితే తప్పనిపించింది. నిరాశావాది రేపు వాన పడదంటాడు, అంతే. మా పెదనాన్న అలా కాదు. మొన్న వీధిలో కుర్రాళ్లు రక్తదానం క్యాంప్ పెడితే అరుగు మీద కూర్చుని పేపర్ మడుస్తూ "ఎలక్షన్లేమైనా వస్తున్నాయేంట్రా" అన్నారు. బడికి ఎవరో ఫ్యాన్లు కొనిచ్చారంటే "ఊరికే ఇస్తాడా" అన్నారు. పోనీ సంశయవాది అందామంటే, సంశయం ఉన్నవాడు రుజువు చూపిస్తే ఊరుకుంటాడు, ఈయన ఆ రుజువు ఎవరు పుట్టించారని అడుగుతారు.

— విరాగి అంటే సరిపోదా?

— ఇప్పటి అర్థానికి సరిపోదండీ, పాత అర్థానికైతే దగ్గరే. గ్రీకులో కువోన్ అంటే కుక్క, కునికోస్ అంటే కుక్కలాంటివాడు, మాట అక్కణ్ణుంచి వచ్చింది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో డయోజినీస్ అని ఆ పాత సినిక్ తత్వవేత్త ఒకాయన ఏథెన్స్‌లో పెద్ద మట్టి బానలో కాపురం ఉన్నాడట, పట్టపగలు దీపం పట్టుకుని మనిషి కోసం వెతికాడట, ఓ పిల్లాడు దోసిలితో నీళ్లు తాగుతుంటే చూసి తనకున్న ఒక్క గిన్నె కూడా విసిరేశాడట. మన అవధూతల బాపతు. ఇప్పటి సినిక్ గిన్నె పారెయ్యడు, మనుషుల మీద నమ్మకం ఒక్కటే పారేస్తాడు.

— వేమన కూడా అంతే కదా అన్నా, అందర్నీ తిడతాడు.

— కాదు తమ్ముడూ, ఉప్పు కప్పురంబు పద్యం చివరిదాకా చదువు. "చూడ చూడ రుచుల జాడ వేరు", ఆఖర్న "పురుషులందు పుణ్యపురుషులు వేరయా". వేమన ఎంత దులిపినా కప్పురం ఉందని ఒప్పుకున్నాడు. సినిక్ నాలిక మీద వేసుకోకుండానే అంతా ఉప్పే అంటాడు, తేడా అక్కడుంది.

— "అందరూ ఆ తాను ముక్కలే" అంటాం కదండీ, ఆ ధోరణే ఇది. కాకపోతే ఒక్క మాటలో రాదు.

— అవునండీ, ఒక్క మాటలో నాకూ కుదర్లేదు. శీర్షికలో సినిక్ అనే ఉంచేసి, లోపల "ఏ మంచి పనికైనా పెదవి విరిచేవాడు" అని రాశా. ఈ చర్చంతా పెదనాన్నకి చదివి వినిపించా. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "ముక్కూ మొహం తెలీనివాళ్లు నీకు ఊరికే చెప్తున్నారా ఇదంతా" అన్నారు.