సమస్య: “శాంతి మోసగించె సత్యరతుని” (దత్తాంశం: ఆంగ్ల అపరాధ పరిశోధన కథలు, పేర్ల అర్థాలు)

నిర్వాహకులు

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్యాపాదం ఇది:

*శాంతి మోసగించె సత్యరతుని*

పూరణ ఆంగ్ల అపరాధ పరిశోధన కథల్లోంచి రావాలి, అందులోని పాత్ర పేరుకున్న అర్థం మీద నిలబడాలి. పేరును పాదపూరణకు తగిలించి వదిలేస్తే పరిగణించము. కొనన్ డాయిల్ తన తొలి చిత్తుప్రతిలో పరిశోధకుడికి షెరిన్‌ఫర్డ్ హోమ్స్ అనీ, అతని మిత్రుడికి ఆర్మండ్ సాకర్ అనీ పేర్లు రాసుకొని, 1887లో కథ అచ్చయ్యేనాటికి వారిని షెర్లాక్ హోమ్స్, జాన్ వాట్సన్‌లుగా మార్చాడు. ఆ రచయితలు పేర్ల విషయంలో అంత పట్టింపు చూపారు కనుక మనమూ చూపుదాము.

సుధాలహరి

యవనభాషలోన నైరీన యన శాంతి;
చిత్రపటముఁ గోరి చేరవచ్చి
పాద్రి వేషమూని పట్టుబడెను హోమ్సు;
శాంతి మోసగించె సత్యరతుని.

1891లో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన బొహీమియా కథ మీద ఈ పూరణ. రాజుగారితో కలిసి తీయించుకున్న ఛాయాచిత్రం ఐరీన్ ఆడ్లర్ దగ్గర ఉండిపోతే, దానిని రాబట్టడానికి హోమ్స్ మతగురువు వేషంలో ఆమె ఇంట ప్రవేశిస్తాడు.

ఛందోనిధి

సుధాలహరి గారూ, ధార హాయిగా ఉన్నది. నైరీన దగ్గర అచ్చుయతి కూడా చక్కగా కుదిరింది. అయితే ఐరీన్ అంటే శాంతి అని మొదటి పాదంలోనే చెప్పేయడంతో నాలుగో పాదానికి పని లేకుండా పోయింది. సమస్యలో ఉన్న చిక్కును చివరిదాకా బిగించి ఉంచి అక్కడ విప్పాలి గాని, నిఘంటువు తెరిచి మొదలుపెడితే చదువరికి ఎదురుచూడడానికి ఏమీ మిగలదు.

పాతపుస్తకం

నాకు ‘సత్యరతుఁడు’ అన్న మాట దగ్గర అభ్యంతరమున్నది. ఆ కథలో హోమ్స్ చేసిన పని చూడండి. వీధిలో కొట్లాట కల్పించి, గాయపడినట్టు నటించి, వాట్సన్ చేత కిటికీలోంచి పొగ చిమ్మే రాకెట్టు విసిరించి, అగ్నిప్రమాదమని కేకలు పెట్టించి, ఆ కంగారులో ఆమె చూపు ఏ మూలకు పోతుందో కనిపెడతాడు. అంత నాటకమాడినవాణ్ణి ఆమె తిరిగి పరీక్షించింది, అంతే. మగపిల్లవాడి దుస్తులు వేసుకొని బేకర్ వీధి దాకా వెంట వచ్చి, అతని గుమ్మం ముందే పేరు పెట్టి పిలిచి శుభరాత్రి చెప్పి సాగిపోయింది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టున్నదే అనుకున్నాడు గాని, ఆమెను పోల్చలేకపోయాడు.

సుధాలహరి

పాతపుస్తకం గారూ, వేషం అబద్ధమే కావచ్చు గాని ఆ వేషం వేయించింది నిజం తెలుసుకోవాలన్న పట్టుదలే. సత్యరతుఁడన్న మాటకు సత్యం మీద ఆసక్తి కలవాడనే అర్థం తీసుకున్నాను, సత్యమే పలికేవాడని కాదు.

తుంగభద్ర

సుధాలహరి గారి సమాధానం నాకు నచ్చింది. ఛందోనిధి గారి ఆక్షేపణ కూడా న్యాయమైనదే కనుక, శాంతి పేరు ఎత్తకుండా నా పూరణ:

అక్క న్యాయ మందు రా గ్రీకు కథలలో;
చెల్లి పేరు దాల్చెఁ జెలువ యొకతె;
న్యాయ మెఱుఁగు హోమ్సు నగుబాటుపడె నిట;
శాంతి మోసగించె సత్యరతుని.

గ్రీకు పురాణాల్లో ఋతుదేవతలు ముగ్గురు. హెసియడ్ చెప్పిన వరుసలో సువ్యవస్థ, న్యాయం, శాంతి అక్కచెల్లెళ్లు. మూడవ ఆమె పేరే ఐరీన్‌కు మూలం.

గురులఘువు

మొదటి పాదంలో ‘అక్క’ తర్వాత ‘న్యా’ సంయుక్తం వచ్చింది. ‘క్క’ గురువైతే తొలి గణమే చెడుతుంది. తుంగభద్ర గారు చూసుకున్నారా?

ఛందోనిధి

గురులఘువు గారూ, అక్కడ చెడింది ఏమీ లేదు. ‘అక్క’ తెలుగు పదం, ‘న్యాయము’ వేరొక పదం, రెండూ సమాసంలో కలిసినవి కావు. కాబట్టి ‘క్క’ లఘువే. ఈ మాట తుంగభద్ర గారి పక్షాన నేను చెప్పవలసి రావడం సంతోషమే, ఎందుకంటే పూరణ నిజంగా అందంగా ఉన్నది. అక్క అయిన న్యాయాన్ని కొలిచేవాడు చెల్లెలి చేతిలో ఓడిపోవడమన్న ఊహ డాయిల్ మహాశయుడికి కూడా తట్టి ఉండదు. తుంగభద్ర గారు ఇదివరకు హోమ్స్ ప్రధాన శత్రువు మొరియార్టీ మీద చేసిన పూరణలో మాత్రం ఇంత నిగ్రహం కనిపించలేదు. “నావికుండు మునిగె నదియు లేక” అన్న సమస్యకు, ఆ ఇద్దరూ తలపడిన రైకెన్‌బాక్ జలపాతాన్ని తెచ్చారు. జలపాతం ఉన్నచోట నది లేదనడం ఎలా కుదురుతుందని అప్పుడే అడిగాను. జవాబు రాలేదు.

తుంగభద్ర

ఛందోనిధి గారి ప్రశంసకు కృతజ్ఞతలు. జవాబు ఇప్పుడు ఇస్తున్నాను. మొరియార్టీ ఐరిష్ ఇంటిపేరు, సముద్రయానంలో నేర్పరి అన్న అర్థంలోంచి వచ్చింది. అందుచేత నావికుఁడన్నాను. ఇక నది సంగతి: జర్మన్ భాషలో ‘బాక్’ అంటే వాగు. ఆ జలపాతం పేరులోనే అది వాగు అని రాసి ఉన్నది, నది అని లేదు. పేర్ల అర్థాలే దత్తాంశమైనచోట ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏమి కావాలి? మునగడమూ నిజమే. 1903 నాటి కథలో హోమ్స్ తిరిగివచ్చి చెప్పిన ప్రకారం, మొరియార్టీ రాతికి కొట్టుకొని, ఎగిరి నీటిలో పడ్డాడు. ఇప్పుడు ఛందోనిధి గారి పూరణ కోసం ఎదురుచూస్తున్నాము.

ఛందోనిధి

‘బాక్’ ముచ్చట బాగున్నది, ఆ ఆక్షేపణ ఇంతటితో చాలిస్తాను. నా పూరణలో ఐరీన్ లేదు.

ఉల్లి పేరుగల్గి యూరిలోఁ దోఁటలో
గుమ్మడులను బెంచుకొనెడి వేళ
పక్కయింట హత్య పైఁబడె, నా పల్లె
శాంతి మోసగించె సత్యరతుని.

ఇది అగాథా క్రిస్టీ సృష్టించిన పరిశోధకుడు హెర్క్యూల్ పొయ్‌రో గురించి. 1926 నాటి నవలలో ఆయన వృత్తి మానేసి, కింగ్స్ ఆబట్ అన్న పల్లెలో చేరి, గుమ్మడి జాతి కాయలు పండిస్తుంటాడు. అవి తన మాట విననందుకు విసుగెత్తి ఒక కాయను గోడ మీదుగా విసిరితే, అది పక్కింటి డాక్టరు గారి దగ్గర వచ్చి పడుతుంది. ఊళ్లో ఆయన పేరు ‘పొర్రాట్’గా చెలామణి అవుతుంది, ఆ మీసాల తీరు చూసి రిటైరైన క్షురకుడని ఆ డాక్టరు గారు అనుకుంటారు. ఫ్రెంచిలో ఆయన ఇంటిపేరు, ఉల్లి కుటుంబానికి చెందిన ఒక కాడకూర పేరు ఒకేలా పలుకుతాయి. అందుకే ఉల్లి.

గురులఘువు

ఒకేలా పలకడం అర్థం కాదు గదా? నిర్వాహకులు అడిగింది పేరుకున్న అర్థం. కావాలంటే హెర్క్యూల్ ఉన్నాడు, మహాబలుడైన గ్రీకు వీరుడు. ఆ బలవంతుడి పేరును పొట్టి మనిషికి పెట్టడంలోనే క్రిస్టీ చమత్కారమున్నది. దానిని వదిలేసి ఉల్లికి పోవడమెందుకు?

పాతపుస్తకం

ఇక్కడ నేను ఛందోనిధి గారి పక్షం. పలుకుబడినే అర్థంగా మలచడం క్రిస్టీ స్వయంగా చేసిన పని. 1939లో వచ్చిన దీవి నవలలో, అతిథులను రప్పించిన వ్యక్తి ఇంటిపేరు ఓవెన్. ముందున్న యు, ఎన్ అన్న పొడి అక్షరాలతో కలిపి గబగబా చదివితే అది ఇంగ్లీషులో ‘అజ్ఞాతుఁడు’ అన్న మాటగా వినిపిస్తుంది. కథ నడిపేదే ఆ శబ్దం. అయితే ఛందోనిధి గారి మూడో పాదంలో కథ తప్పింది. హత్య జరిగింది ఫెర్న్‌లీ పార్క్ అనే భవంతిలో, పక్కింట్లో కాదు.

తుంగభద్ర

పాతపుస్తకం గారు చెప్పింది నిజం. నేను ఆ నవల రెండుసార్లు చదివాను. జలపాతం దగ్గర నన్ను అంత దూరం నిలదీసినవారు గోడ అవతల ఎవరున్నారో చూసుకొని రాయవలసింది.

కొత్త చిగురు

పెద్దల నడుమ మాట్లాడుతున్నందుకు మన్నించాలి. నా పూరణలో సమస్య తొలి పదాన్ని ‘అశాంతి’గా మార్చాను.

పీటరనఁగ రాయి, పెను యుద్ధమందున
గుండ్ల మోఁత విన్న గుండె బెదరె;
రాయి యనుచు నెంచఁగ రాత్రి కలలలో న
శాంతి మోసగించె సత్యరతుని.

డొరొతీ సేయర్స్ సృష్టించిన లార్డ్ పీటర్ విమ్సీ గురించి ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో తగిలిన మానసిక దెబ్బ, 1923 నాటి మొదటి నవలలోనే ఒక రాత్రి తిరగబెడుతుంది. సేవకుడు బంటర్ వచ్చి అతన్ని నిద్రపుచ్చుతాడు. ఇంకొక సందేహం: క్రిస్టీ సృష్టించిన పరిశోధకురాలు మిస్ మార్పుల్ పేరుకు అర్థం చెప్పగలరా?

గురులఘువు

కొత్త చిగురు గారూ, మూడో పాదంలో ‘నెంచఁగ’ దగ్గర ఒక లఘువు ఎక్కువైంది. ‘నెంచ’ అంటే సరిపోతుంది, అర్థమూ మారదు: “రాయి యనుచు నెంచ రాత్రి కలలలో న”. ‘న’ను పాదం చివర నిలిపి ‘అశాంతి’ చేయడం పాత అవధానుల దారి, చక్కగా పట్టారు. పైకి తేలికగా, నవ్వులాటగా తిరిగే మనిషి లోపల ఏమున్నదో ఆ ఒక్క అక్షరం చెప్పింది.

పాతపుస్తకం

మార్పుల్ అన్నది ఒకప్పుడు చెషర్‌లో ఉండిన మార్పుల్ హాల్ అనే పాత భవనం పేరు. క్రిస్టీ దానినే తన పాత్రకు తీసుకున్నది. కాబట్టి ఆ పేరు మనకు ఒక చోటును చూపుతుంది గాని, పద్యంలో పని చేసే అర్థాన్ని ఇవ్వదు.

ఛందోనిధి

మూడో పాదాన్ని మార్చాను:

ఉల్లి పేరుగల్గి యూరిలోఁ దోఁటలో
గుమ్మడులను బెంచుకొనెడి వేళ
పక్కనుండె హంత పాపము పల్లెల
శాంతి మోసగించె సత్యరతుని.

నవల చదవనివారు ‘హంత’ను అయ్యో అన్న సంస్కృత అవ్యయంగా తీసుకుంటే చాలు. అప్పుడు పక్కన ఉన్నది పాపము. నవల చదివినవారు ‘పాపము’ను జాలిమాటగా తీసుకుంటారు. అప్పుడు పక్కన ఎవరున్నారో వారికి నేను చెప్పనక్కరలేదు.

తుంగభద్ర

ఛందోనిధి గారూ, ఈ పాదం ముందు నా అక్కచెల్లెళ్ల పూరణ రెండో స్థానానికి దిగుతుంది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. రహస్యాన్ని దాచడమూ చెప్పడమూ ఒకే మాటతో చేయడమన్నది ఆ నవల చేసిన పనే. అక్కడ కథ చెప్పే గొంతు ఎక్కడా అబద్ధం ఆడదు, అయినా మనం మోసపోతాము. మీ ‘హంత’ కూడా అబద్ధం ఆడలేదు. ఒక్క సందేహం మిగిలింది: మొదటి పాదంలో ‘ఊరిలో’ అని ఏకవచనం ఉండగా, మూడో పాదంలో ‘పల్లెల’ అన్న బహువచనం గణం కోసమే వచ్చిందా?

నిర్వాహకులు

ఈ పాదాన్ని సంకలనంలో విరామచిహ్నాలు లేకుండానే చేరుస్తున్నాము. ‘హంత’ తర్వాత గీత గీసినా, ‘పాపము’ ముందు గీసినా ఒక అర్థం పోతుంది. చర్చలో అపరాధి పేరు ఎవరూ ఎత్తకుండా ఉన్నందుకు సంతోషం, ఇకముందూ అలాగే ఉండాలి. తుంగభద్ర గారి ప్రశ్నకు ఛందోనిధి గారు జవాబివ్వాలి.

ఛందోనిధి

గణం కోసం కాదు. 1892 నాటి ‘కాపర్ బీచెస్’ కథలో వాట్సన్ రైలు కిటికీలోంచి పచ్చని పొలాలను, ఎర్ర కప్పుల ఇళ్లను చూసి మురిసిపోతుంటే, లండన్‌లోని నీచమైన సందుల్లో కంటే ఈ నవ్వుతున్న పల్లెల్లోనే భయంకరమైన పాపాలు జరుగుతాయని హోమ్స్ అంటాడు. నగరంలో దెబ్బలు తిన్న పిల్లవాడి ఏడుపు పొరుగువాడికి వినిపిస్తుంది, చట్టం గుమ్మం దగ్గరే ఉంటుంది. దూరంగా విసిరేసినట్టున్న ఇళ్లలో ఏళ్ల తరబడి ఏమి జరిగినా ఎవరికీ తెలియదని అతని భావం. క్రిస్టీ కింగ్స్ ఆబట్‌నూ, మిస్ మార్పుల్ ఊరైన సెయింట్ మేరీ మీడ్‌నూ కట్టింది ఆ నేల మీదనే. ఒక్క ఊరి శాంతి మోసగించడం పొయ్‌రోకు ఎదురైన సంగతి, పల్లెల శాంతి మోసగించడం ఆ సాహిత్యమంతటికీ పునాది. అందుకే బహువచనం వేశాను, అది అలాగే ఉండాలి.