ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఎర్రర్ వచ్చిపోతుంటే సెన్సర్ మార్చాలా, వైరింగ్ చూడాలా?

రెండోగేర్: డీజిల్ కారు. డీపీఎఫ్‌కి (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ముందుండే టెంపరేచర్ సెన్సర్ మీద పి2033 కోడ్ వస్తోంది. వారం రోజులు ఏమీ ఉండదు, ఉన్నట్టుండి చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, కొన్నాళ్లకి దానంతటదే ఆరిపోతుంది. నాలుగు నెలల క్రితం ఇదే కోడ్‌కి వర్క్‌షాప్‌లో సెన్సర్ మార్చారు. రెండు నెలలు హాయిగా తిరిగాను, మళ్లీ మొదలు. ఇప్పుడు ‘కొత్తది కూడా పోయింది, ఇంకోటి వేద్దాం’ అంటున్నారు. వైరింగ్ చూడమంటే ‘ఎప్పుడో ఒకసారి వచ్చేదాన్ని ఎక్కడని వెతుకుతాం’ అన్నారు. వేయించనా?

డీజిల్‌దాసు: వేయించండి, కాస్త మంచి రకం చూసి. ఆ సెన్సర్ మొనలో ఉండేది చాలావరకు ప్లాటినం పొర, అదీ పింగాణీ ముక్క మీద. రీజనరేషన్‌లో, అంటే ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చేటప్పుడు, దాని చుట్టూ 600 డిగ్రీల దాకా వేడి. ఎన్నిసార్లు కాగి ఎన్నిసార్లు చల్లారాలి! వేడికి సన్నని పగులు విచ్చుకుంటుంది, చల్లబడితే మూసుకుంటుంది. మీటర్ పెట్టి చూసేటప్పుడు బుద్ధిమంతుడిలా ఉంటుంది. నాన్చితే ఇంకో తలనొప్పి: టెంపరేచర్ నమ్మలేకపోతే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) రీజనరేషన్ మొదలుపెట్టదు, మసి పేరుకుంటుంది. డీపీఎఫ్ మూసుకుపోతే ఆ ఖర్చు ముందు సెన్సర్ ఎంత?

మీటర్‌మావయ్య: దాసు గారూ, మీరు చెప్పిన పగులు నిజమే, చూశాను. కానీ ఒక్క విషయం ఆలోచించండి. సెన్సర్ మార్చాలంటే ఏం చేస్తారు? కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్) పీకుతారు, మళ్లీ గట్టిగా నొక్కి పెడతారు. పిన్నుల మీది సన్నటి తుప్పు ఆ రాపిడికే పోతుంది, వదులైన పిన్ను కాసేపు కరుచుకుంటుంది. రెండు నెలలు బాగుంటుంది. బాగుపడింది మార్చినందుకు కాదేమో, పీకి పెట్టినందుకేమో!

రెండోగేర్, పి2033 అంటే వోల్టేజీ ఎక్కువగా ఉందని. మీ బండిలో ప్లాటినం రకమే ఉంటే, ఈసీయూ నుంచి 5 వోల్టుల వైరు ఒక రెసిస్టర్ మీదుగా సెన్సర్‌కి వస్తుంది. ఎక్కడైనా తెగితే ఆ 5 వోల్టులూ అలాగే నిలబడతాయి, ఈసీయూకి అది మహా వేడిలా కనిపిస్తుంది. అంటే ఎక్కడో సర్క్యూట్ తెగుతోంది. సెన్సర్ లోపలా, బయటా అన్నదే తేలాలి. కోడ్ చెరిపేయకముందు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ వచ్చిన క్షణంలో ఈసీయూ దాచిన రీడింగులు) చూశారా? చెరిపితే అదీ పోతుంది.

రెండోగేర్: ఉందండీ. వేగం 31, కూలెంట్ 86 డిగ్రీలు, ఇంజిన్ మీద పెద్ద లోడ్ లేదు. నిన్న స్కానర్ గ్రాఫ్ పెట్టి మెల్లగా నడిపాను. స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే 240 నుంచి ఒక్కసారిగా 1000 దాటి, వెంటనే 238కి వచ్చేసింది.

మీటర్‌మావయ్య: పొగగొట్టంలో ఇనుప గొట్టం మధ్యన ఉన్న మొన ఒక్క సెకనులో వెయ్యి దాకా కాగి, మళ్లీ సెకనులో చల్లారడమా? అది వేడి కాదు, కాంటాక్ట్. పైగా వేడిగా, లోడ్ మీద ఉన్నప్పుడు కాకుండా కుదుపులో వచ్చింది.

డీజిల్‌దాసు: కుదుపుకి సెన్సర్ లోపలి పగులు కదలదా ఏమిటి? దాని మెడ దగ్గర, వైరు లోపలికి వెళ్లేచోట కూడా తెగుతుంటుంది. మీ గ్రాఫ్ దేన్నీ తేల్చలేదు.

మీటర్‌మావయ్య: ఒప్పుకున్నాను. అందుకే సెన్సర్‌ని కథలోంచే తీసేద్దాం. కప్లర్ విప్పి, సెన్సర్ బదులు బండి వైపు కప్లర్‌లో 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ప్లాటినం సెన్సర్ 0 డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లు చూపే రకం అయితే స్కానర్‌లో దాదాపు 175 డిగ్రీలు కనిపించాలి. అలాగే నిలబడితే తప్పు సెన్సర్‌ది. ఇంకా గెంతుతుంటే కొత్త సెన్సర్ కొన్నా దండగే. రెసిస్టర్ కాలు మాత్రం సెన్సర్ పిన్ను కన్నా లావుగా ఉండకూడదు, లేకపోతే బాగున్న పిన్నునీ మనమే వదులు చేస్తాం.

డీజిల్‌దాసు: దాన్ని పెట్టుకుని రోడ్డెక్కమంటారా? రీజనరేషన్ వచ్చిందంటే ఈసీయూకి ఎప్పుడూ 175 అనే కనిపిస్తుంది. ఇంకా కాగలేదనుకుని డీజిల్ పోస్తూనే పోతుంది. బండి కాల్చుకోవడానికి మంచి ఉపాయం!

మీటర్‌మావయ్య: అది నిజం, ముందే చెప్పాల్సింది. రోడ్డెక్కొద్దు. బండి నిలబెట్టి, ఐడిల్‌లో ఉంచి వైరు కదిపి చూడండి చాలు, ఆ తర్వాత తీసేయండి. దాన్ని అలాగే వదిలేసి లైట్ ఆర్పేవాళ్లున్నారు, వాళ్లతో మాట్లాడను.

కీచుబెల్టు: మధ్యలో ఒక మాట. సెన్సర్‌ని ఊరికే విప్పొద్దు. గొట్టంలో మరలు పట్టేసుకుంటాయి. నాది విప్పబోతే సగం నా చేతిలో, సగం గొట్టంలో.

రెండోగేర్: చేశాను. రెసిస్టర్ పెట్టాక రీడింగ్ 174, 175 మధ్యే. వైరు పొడవునా, క్లిప్పుల దగ్గరా కదిపాను, ఏమీ కాలేదు. దాసు గారే గెలిచారనుకున్నాను. చివర్లో కప్లర్‌ని వేలితో పక్కకి నొక్కితే గ్రాఫ్ 1000 దాటింది! మూడుసార్లు నొక్కాను, మూడుసార్లూ వచ్చింది. లోపల రెండు ఆడపిన్నులు. అదే మందం పిన్ను దూర్చి చూస్తే ఒకటి గట్టిగా పట్టుకుంటోంది, రెండోది ఇటు తిప్పితే జారి కింద పడుతోంది. ఆ టెర్మినల్ మార్పించి, వైరుని కప్లర్ దగ్గర లాగినట్టుండకుండా కొంచెం వదులుగా కట్టాను. మూడు వారాలైంది, కోడ్ లేదు.

డీజిల్‌దాసు: మూడు వారాలేనా? పోయినసారి రెండు నెలలు బాగానే ఉంది కదా!

రెండోగేర్: మూడో నెల వచ్చాక మళ్లీ రాస్తానండీ. అన్నట్టు, అప్పట్లో తీసిన పాత సెన్సర్ ఇంకా దాచే ఉంచాను. గది వేడిలో 216 ఓమ్‌లు చూపిస్తోంది, కొత్తది 215.

డీజిల్‌దాసు: చల్లగా కొలిచారు కదా. నేను మొదట్లో చెప్పింది అదే.