రెడ్ ఓక్ ఆకులు పసుపెక్కుతున్నాయి, ఐరన్ వేసినా తగ్గట్లేదు

ప్రశ్న:
మాది ఫ్రిస్కో, డల్లాస్ పక్కన. ఇంటి ముందు బిల్డర్ నాటిన షూమార్డ్ రెడ్ ఓక్‌కి నాలుగేళ్ళు, మొదలు 4 అంగుళాల మందం. కొమ్మల చివర లేత ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఐరన్ సల్ఫేట్ రెండుసార్లు మట్టిలో వేశాం. స్ప్రింక్లర్ రోజు విడిచి రోజు 10 నిమిషాలు. ఈ మే నెలలోనే ఎండు కొమ్మలు కొట్టించేయమంటారా?

జవాబు 1:
ముందు కొమ్మల సంగతి అండీ. మేలో కొట్టించకండి, దయచేసి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ విల్ట్ (ఓక్ చెట్లను వడలగొట్టి చంపే తెగులు) బూజును మోసే చిన్న పురుగులు తాజా గాటు మీద వాలతాయి. రెడ్ ఓక్‌కి అది సోకితే కొన్ని వారాల్లోనే పోవచ్చు. ఎండు కొమ్మలు జూలై దాటాక తీయించండి. ఏ నెలలో కోసినా గాటుకు వెంటనే పెయింట్ పూయాలి, సాయంత్రం దాకా ఆగకూడదు.

ఇక పసుపు. ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా, అదీ లేత ఆకుల్లో ముందు కనిపిస్తే ఇనుప ధాతు లోపమే. అక్కడి నల్లమట్టిలో సున్నం ఎక్కువ. మట్టిలో వేసిన ఐరన్ సల్ఫేట్ వేళ్ళకు అందని రూపంలోకి మారిపోతుంది. మన దగ్గర సున్నపు నేలల్లో వేరుశనగ పసుపెక్కితే అన్నభేదిని (అదే ఐరన్ సల్ఫేట్) ఆకుల మీద పిచికారీ చేసేది అందుకే. చెట్టుకి అది కుదరదు కాబట్టి ఈడీడీహెచ్‌ఏ రకం ఐరన్ చిలేట్ (ఇనుము మట్టిలో బిగుసుకుపోకుండా పట్టి ఉంచే మందు) కొనండి. ఈడీటీఏ రకం ఇంత క్షారంలో నిలవదు. ప్యాకెట్ మీది మోతాదు నీళ్ళలో కలిపి, కొమ్మల నీడ పడే మేర పోసి, వెంటనే ఇంకా నీళ్ళు పెట్టండి. ఎండ తగిలితే మందు పాడవుతుంది. కాంక్రీటు మీద పడితే ఎర్రటి మరక పోదు.

జవాబు 2:
మొదలు ఒకసారి చూడండి. గుంజ పాతినట్టు నిటారుగా నేలలోకి దిగిపోయిందా? అయితే లోతుగా నాటారు. వేళ్ళు విడిపోయే చోట మొదలు వెడల్పవ్వాలి, ఆ భాగం బయటికి కనబడాలి. కనబడేదాకా చేత్తో మట్టి తీయండి. కాండాన్ని చుట్టేసిన సన్నవేరు ఉంటే తర్వాత అదే ఉరి బిగిస్తుంది. దాన్ని కూడా శీతాకాలంలో, జనవరి దాటకుండా కోయండి. మల్చ్ (మొదలు చుట్టూ పరిచే చెక్కపొట్టు) 3 అంగుళాలు చాలు, కాండానికి తగలకూడదు.

జవాబు 3:
ఆ 10 నిమిషాల నీళ్ళు గడ్డికే సరిపోతాయండీ. వేసవిలో వారానికోసారి మొదలు మందం అంగుళానికి 10 గ్యాలన్ల లెక్కన, మీ చెట్టుకి 40 గ్యాలన్లు, పైపు సన్నధారగా పెట్టి ఇంకనివ్వండి. పెట్టేముందు పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. 6 అంగుళాలు సులువుగా దిగి, తడి అంటుకుంటే ఆ వారం వద్దు. బంకమట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్ళకు గాలి ఆడదు, పసుపు ఇంకా ముదురుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మొదలు నిజంగానే గుంజలా ఉందండీ. చిలేట్ ముందా, మట్టి తీయడం ముందా?

జవాబు 2:
మట్టి ముందు. మట్టిలో పూడిపోయిన మొదలుతో మందు వేస్తే వచ్చే ఏడాది మళ్ళీ ఇదే రంగు. ఇంకోటి, షూమార్డ్ పేరుతో పిన్ ఓక్ (సున్నపు మట్టి పడని రకం) కలిసిన సంకర మొక్కలు కూడా అమ్ముతారు. అదైతే ఏటా మందు పోస్తూ ఉండాల్సిందే. రెండేళ్ళు చూసి తేరుకోకపోతే ఆ మట్టికి నప్పే బర్ ఓక్ గానీ చింకపిన్ ఓక్ గానీ నాటండి.