ఉప్పు మీద ఒట్టేసిన సామ్రాజ్యం ఎక్కడ విరగాలి? నవలకి సలహా కావాలి

భీమిలి టీచరమ్మ

అందరికీ నమస్కారం. నేను భీమిలిలో హైస్కూలు పిల్లలకి సోషల్ చెబుతాను. నాలుగేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. అందులో రాజ్యం, మతం, మనుషులు అన్నీ కల్పితమే.

మా తాతయ్య నౌపడ ఉప్పు మడుల్లో పనిచేశాడు. రాత్రిళ్ళు అరికాళ్ళ పగుళ్ళకి ఆముదం రాసుకుంటూ "ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదమ్మా" అనేవాడు. ఆ ఒక్క మాటే ఒక మతమైతే ఎలా ఉంటుందన్న ఊహతో నవల మొదలుపెట్టాను.

కథ ఇది. మడుల్లో పనిచేసే ఉప్పమ్మ అనే ముసలామె ఉంటుంది. కరువు ఏడాది రాజు మనుషులు ఉప్పు కుప్పలు జప్తు చెయ్యడానికి వస్తారు. ఆమె గట్టు మీద నిలబడి కూలీలందరి నాలుకల మీద తలా చిటికెడు ఉప్పు వేసి, "ఇక మీరంతా ఒక్కింటి వాళ్ళు" అంటుంది. ఆ రాత్రి వాళ్ళు పారలతో, పలుగులతో గెలుస్తారు. అప్పటి నుంచి ఆ ఉప్పు తిన్నవాళ్ళని చిటికెడువాళ్ళు అంటారు. వాళ్ళ కట్టుబాట్లు మూడే. చిటికెడువాడు చిటికెడువాడి మీద కత్తెత్తకూడదు. చిటికెడువాడికి పన్ను లేదు. ఉప్పు అడిగినవాడు ఎవడైనా సరే, కాదనకూడదు.

రెండో తరంలో ఆమె పెంపుడు కొడుకు కొండల దాకా గెలుస్తాడు. మూడో తరానికి మూడు నదుల మధ్య దేశమంతా వాళ్ళదే. తర్వాత సముద్రం మీద ఓడలు వస్తాయి, రెండు అధ్యాయాల్లో అంతా అయిపోతుంది.

చిక్కు అక్కడే వచ్చింది. చదివిన మా కొలీగ్ "ఇంత నమ్మకం ఉన్నవాళ్ళు నాలుగు ఓడలకే కూలిపోతారా? లోపల ముందే ఏదో పుచ్చి ఉండాలి కదా" అన్నారు. వారం రోజులుగా అదే ఆలోచన, పెన్ను కదలడం లేదు.

ట్యూటానిక్ వీరుల గురించి చదివాను. వాళ్ళు మఠం కట్టుబాట్లతో బతికే మధ్యయుగపు జర్మన్ క్రైస్తవ యోధులు. బాల్టిక్ తీరంలో అన్యమతస్థులతో యుద్ధమే వాళ్ళ రాజ్యానికి ఆధారం. లిథువేనియా రాజే క్రైస్తవం తీసుకున్నాక, ఇక ఎవరి మీద యుద్ధమన్నది ప్రశ్న అయింది. 1410లో గ్రున్‌వాల్డ్ దగ్గర ఓడిపోయారు. 1525లో వాళ్ళ అధిపతే మఠాన్ని వదిలేసి, ప్రష్యాకి డ్యూక్ అయ్యాడు. కానీ నా వాళ్ళ బతుకు శత్రువు మీద ఆధారపడలేదు, అందుకని ఇది అతకడం లేదు.

నమ్మకం సడలిపోయింది కాబట్టి కూలిపోయారని మాత్రం రాయను. వాళ్ళ నమ్మకం చివరి దాకా నిజం. నమ్ముతూనే విరగాలి. ఎక్కడ, ఎలా?

ఎన్ఏడీ జంక్షన్ అకౌంటెంట్

మేడం, పగులు మీ రెండో కట్టుబాటులోనే ఉంది. ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, నా కన్ను ముందు అక్కడే పడింది.

100 ఇళ్ళున్న ఊరిని గెలిచారనుకోండి. మొదటి ఏడు 10 ఇళ్ళు ఉప్పు తింటాయి, 90 ఇళ్ళు పన్ను కడతాయి. ఇరవై ఏళ్ళకి 90 ఇళ్ళు ఉప్పు తినేస్తాయి. ఇప్పుడు సైన్యం పెద్దది, కట్టేవాళ్ళు 10 ఇళ్ళు. గుర్రాలకి గడ్డి ఎవరు కొంటారు?

తొలినాళ్ళ ఇస్లాం సామ్రాజ్యాన్ని ఏలిన ఉమయ్యద్ ఖలీఫాలకి ఇదే చిక్కు వచ్చింది. ఇస్లాం తీసుకున్న కొత్తవాళ్ళ దగ్గర కూడా కొందరు గవర్నర్లు జిజియా, అంటే ముస్లింలు కానివాళ్ళు కట్టే తలపన్ను, వసూలు చేస్తూనే పోయారు. రెండో ఉమర్ (717–720) అది తప్పని ఆపించాడు. ఖజానా ఒకవైపు, ధర్మం ఒకవైపు. ఆయన తర్వాత మళ్ళీ పాత దారే. ఇరాన్ తూర్పు వైపున్న ఖొరాసాన్‌లో అసంతృప్తి పెరిగి 747లో తిరుగుబాటు లేచింది, దానికి ఇదీ ఒక కారణం. 750కల్లా ఉమయ్యద్‌లు పోయి అబ్బాసీలు వచ్చారు. కూల్చినవాళ్ళదీ అదే మతం, అదే నమ్మకం పేరుతోనే కూల్చారు. మీరు అడిగింది ఇదే అనుకుంటాను.

ఎర్రమట్టి

టీచర్ గారూ, నా మాట ఇరాన్‌ని ఏలిన సఫావిద్‌ల గురించి. 1501లో తబ్రీజ్‌లో షా ఇస్మాయిల్ గద్దెనెక్కేనాటికి ఇంకా కుర్రాడే, దాదాపు పద్నాలుగేళ్ళు. ఎర్ర టోపీల కిజిల్‌బాష్ వీరులకి అతను రాజే కాదు, సూఫీ గురువు కూడా. గురువుకి ఓటమి ఉండదని నమ్మారు. 1514లో చాల్దిరాన్ దగ్గర ఒట్టోమన్ల ఫిరంగుల ముందు ఓడారు. ఆ తర్వాత ఇస్మాయిల్ మళ్ళీ స్వయంగా యుద్ధానికి వెళ్ళలేదు.

అయినా రాజ్యం పోలేదు, 1722 దాకా నిలిచింది. ఆ మధ్య జరిగింది చూడండి. ఇస్మాయిల్ పోయాక పదేళ్ళ కొడుకు పేరు మీద కిజిల్‌బాష్ తెగలు తమలో తాము కొట్టుకున్నాయి. చివరికి షా అబ్బాస్ ఆ వీరుల బలం తగ్గించడానికి జార్జియన్, ఆర్మీనియన్ బానిసలతో ఖజానా జీతం మీద వేరే సైన్యం కట్టాడు. రాజ్యాన్ని పుట్టించిన వీరులే రాజుకి భారమయ్యారు. మీ మూడో తరం రాజు చిటికెడువాళ్ళని పక్కన పెట్టి జీతగాళ్ళని తెచ్చుకుంటే? ఆ ముసలి వీరుడి ముఖం రాయండి, చదవాలని ఉంది.

అడివివరం

ఇంత దూరం ఎందుకు టీచర్ గారూ, మన కొండ మీదే ఉంది. సింహాచలం గుడిని ఇప్పటి రూపంలో కట్టించింది 13వ శతాబ్దపు తూర్పు గాంగులు. వాళ్ళలో మూడో అనంగభీముడు రాజ్యమంతా పూరీ పురుషోత్తముడిదని, అంటే జగన్నాథుడిదని, తాను ఆయన తరఫున పాలించే రౌతునని ప్రకటించుకున్నాడు. దేవుడే రాజు, రాజు సేవకుడు.

ఎంత గొప్ప మాటో, అంత ప్రమాదం. 15వ శతాబ్దంలో కపిలేంద్రుడు గాంగుల గద్దెనెక్కి, జగన్నాథుడి ఇష్టమే అన్నాడు. గద్దె దేవుడిదైతే ఎక్కినవాడిని దింపేదెవరు? తర్వాత ఆ కపిలేంద్రుడి వంశమైన గజపతుల్ని ఓడించిన కృష్ణదేవరాయలు 1516లో సింహాచలం వచ్చి స్వామికి నగలు సమర్పించాడు. ఆ సంగతి గుడి శాసనంలోనే ఉంది. శత్రువే వచ్చి మీ దేవుడికి దణ్ణం పెడితే అర్చకుడు తలుపు వేస్తాడా? వెయ్యడు. మీ మూడో కట్టుబాటు మళ్ళీ చదువుకోండి.

భీమిలి టీచరమ్మ

చదువుకున్నాను. రాత్రి రెండయింది, నిద్ర పట్టడం లేదు, మీ ముగ్గురికీ దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

అకౌంటెంట్ గారి లెక్క తీసుకుంటున్నాను. ఖజానా ఖాళీ అయ్యాక మూడో తరం రాజు "పాత ఉప్పు, కొత్త ఉప్పు" అని రెండుగా విడదీస్తాడు. గట్టు మీద తిన్నవాళ్ళ వంశాలకి పన్ను లేదు, తర్వాత తిన్నవాళ్ళకి ఉంది. ఎర్రమట్టి గారూ, జీతగాళ్ళు కూడా వస్తారు, కానీ ముసలి వీరుడు రాజుని ఎదిరించడు. రాజూ ఉప్పు తిన్నవాడే, మొదటి కట్టుబాటు అడ్డం వస్తుంది.

ఇక యుద్ధమే లేదు. నాలుగు ఓడలూ లంగరేస్తాయి. వాళ్ళ నాయకుడు ఒంటరిగా, చేతిలో ఏమీ లేకుండా ఇసుకలో నడిచొచ్చి, నోరు తెరిచి ఉప్పు అడుగుతాడు. వాడు ఎందుకు అడుగుతున్నాడో గట్టు మీద ఉన్న అందరికీ తెలుసు. కొత్త ఉప్పు వాళ్ళు రాజు వైపు చూడరు, ఉప్పు పళ్ళెం వైపు చూస్తారు. పళ్ళెం పట్టుకున్న ముసలి వీరుడు చిటికెడు తీసి వాడి నాలుక మీద వేస్తాడు.

రెండు అధ్యాయాలూ చింపేశాను. ఆదివారానికి కొత్తవి రాసి, ముందు మా కొలీగ్‌కి ఇస్తాను.