బ్యాంకు లోన్ ఇచ్చిందంటే ఇంటి కాగితాలు క్లియర్ అయినట్టేనా?

సెంటు_లెక్క:
మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకు కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా దొరికే సలహా ఒకటే: "చేతిలో డబ్బున్నా ఒక ఐదు లక్షలకు లోన్ పెట్టు. బ్యాంకు ఇచ్చిందంటే కాగితాలు కరెక్టే. లాయరుకు పదివేలు దండగ." ఇందులో నిజమెంత? అనంతపురంలో మూడు సెంట్ల స్థలంలో కట్టిన పాత ఇల్లు, 48 లక్షల బేరం అనుకోండి. లోన్ శాంక్షన్ అయితే అడ్వాన్సు ఇచ్చేయొచ్చా?

హంద్రీ_గట్టు:
ఇచ్చేయొచ్చు. సొంతంగా పెట్టుకునే లాయర్లలో చాలామంది ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) తిరగేసి "ఓకే" అని ఒక పేజీ రాసిస్తారు. బ్యాంకు ప్యానెల్ లాయరు, అంటే బ్యాంకు తన జాబితాలో పెట్టుకున్న లాయరు, అలా రాస్తే రేపు ప్యానెల్లోనే ఉండడు. ఒరిజినల్ దస్తావేజులు అడుగుతాడు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి నకలు తెప్పించి పక్కన పెట్టి పోలుస్తాడు, వేరే బ్యాంకులో తాకట్టు ఉందేమో సెర్సాయ్ అనే తాకట్టుల రిజిస్టరులో వెతుకుతాడు. వాల్యుయేషన్ ఇంజనీరు వేరేగా వచ్చి ప్లానుకూ కట్టడానికీ తేడా ఉంటే రాస్తాడు. ఇంత పని పదివేలకు ఎవరు చేస్తారన్నా?

పెన్నా_ఇసుక:
ముందు "శాంక్షన్" అంటే ఏమిటో తేల్చుకుందాం. జీతం, సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా కట్టామో చెప్పే లెక్క) చూసి ఇచ్చే శాంక్షన్ లెటర్లో "లీగల్, టెక్నికల్ రిపోర్టులకు లోబడి" అని ఒక లైను ఉంటుంది. అంటే ఆ రోజుకు ఇంటి కాగితాలు ఇంకా ఎవరూ చూసి ఉండకపోవచ్చు. అది పట్టుకుని అడ్వాన్సు ఇచ్చేస్తే, లీగల్లో ఫైలు ఆగినప్పుడు అడ్వాన్సు కోసం ఇంటాయన చుట్టూ తిరగాలి.

రెండోది లెక్క. 30 లక్షలు దాటి 75 దాకా లోన్ అయితే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వరు. 48కి 38.4 లక్షలు. మిగతా 9.6, దానిపైన స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 3.6. ఈ 13.2 లక్షలూ మన జేబువే. రేపు టైటిల్ (ఇంటి మీద యాజమాన్య హక్కు) పోతే బ్యాంకు మన జీతం మీద పడి వసూలు చేసుకుంటుంది, ఇల్లు లేకపోయినా కంతు ఆగదు. వాళ్ళు చూసేది వాళ్ళ 38 లక్షలు తిరిగొస్తాయా అని.

హంద్రీ_గట్టు:
వాళ్ళ 38 లక్షల కోసమైనా జాగ్రత్తగానే చూస్తారు కదా. ఊరికే ముప్పై ఏళ్ళ ఈసీ అడుగుతారా?

నల్లరేగడి:
ఆ ముప్పై ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని హద్దూ తెలుస్తుంది. స్వాధీనం కోసం దావా వేయడానికి లిమిటేషన్ చట్టంలో గడువు 12 ఏళ్ళు, అందుకే కొన్నిచోట్ల 13 ఏళ్ళ ఈసీతో సరిపెడతారు. తాకట్టు విడిపించుకోవడానికి 30 ఏళ్ళు, ప్రభుత్వం దావా వేయాలన్నా 30 ఏళ్ళు. ఈసీలో కనబడేది రిజిస్టరైన లావాదేవీ ఒక్కటే. రిజిస్టర్ చేయని వీలునామా, తెల్లకాగితం మీద అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న పార్టిషన్ (వాటాల పంపకం) దావా అందులో ఉండవు. అమ్మేవాళ్ళ పేరుతో, వాళ్ళ నాన్న పేరుతో కోర్టు కేసుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో వెతకడం ఎవరికి వారు చేసుకోవాల్సిన పని. ఇంటిపేరు, స్పెల్లింగు మార్చి రెండు మూడుసార్లు కొట్టండి.

ఈసీ తీయడంలోనే ఇంకో పొరపాటు. సర్వే నంబరు 124 కాలక్రమంలో 124/2 అయి, తర్వాత 124/2ఎ అయి ఉంటుంది. 124/2ఎ మీద మాత్రమే తీస్తే కాగితం శుభ్రంగా వస్తుంది. పాత తాకట్టు 124/2 మీద కూర్చుని ఉంటుంది. మూడు నంబర్ల మీదా, ప్లాటు నంబరు, డోరు నంబరు మీదా విడివిడిగా తీయించండి.

సెంటు_లెక్క:
సరే, ఈసీ అన్ని రకాలుగా తీశాం, ఏమీ లేదు. ఇల్లు చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది, ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు. అప్పుడు?

పెన్నా_ఇసుక:
ఆడపిల్లలు ఎంతమంది? మన జిల్లాల్లో ఎక్కువ వ్యాజ్యాలు పుట్టేది ఇక్కడే. "పెళ్ళప్పుడే ఇచ్చేశాం, వాళ్ళకేం సంబంధం లేదు" అన్నది మాటే, కాగితం కాదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. తండ్రి స్వార్జితమైతే వీలునామా లేకుండా పోయినప్పుడు భార్య, కొడుకులు, కూతుళ్ళు సమానమే. తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఎన్ని పేర్లుంటే సేల్ డీడ్ మీద అన్ని సంతకాలుండాలి, లేదా రిజిస్టరైన రిలింక్విష్‌మెంట్ డీడ్ (వాటా వదులుకున్న పత్రం) ఉండాలి. చనిపోయిన కూతురుంటే ఆమె పిల్లలూ లెక్కలోకి వస్తారు.

ఇంకోటి, వాటాదారుల్లో మైనరు ఉన్నాడా? మైనరు సొంత ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా గార్డియన్ అమ్మితే, వాడు మేజరయ్యాక మూడేళ్ళలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. లింకు డాక్యుమెంట్లలో (ఇల్లు చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజుల్లో) "మైనరు తరఫున తల్లి" అన్న ముక్క కనబడితే అక్కడ ఆగండి.

హంద్రీ_గట్టు:
ఇవన్నీ ప్యానెల్ లాయరూ చూస్తాడు సామీ. మీరు చెప్పినవాటిలో ఆయన వదిలేసేది ఏది?

నల్లరేగడి:
నేల. లాయరు టేబులు దాటి రాడు, ఇంజనీరు గోడలు కొలిచి పోతాడు. స్థలం కాగితంలో వేరు, నేల మీద వేరు. మూడు సెంట్లంటే 145.2 గజాలు. హద్దుల కొలతలు గుణిస్తే అంత వస్తుందా, రోడ్డుకు పోయింది ఎంత, మెట్లు పక్కవాడి స్థలంలోకి దిగాయా, ఇవి సర్వేయరుతో కొలిపిస్తేనే తేలతాయి. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు, గ్రామ పటం పక్కపక్కన పెట్టి "వంక పోరంబోకు", అంటే వాగు పారే ప్రభుత్వ నేల, ఎటు పోతోందో చూడండి. 2009 అక్టోబరులో కర్నూలు ఊరంతా మునిగింది, 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీల్లోకి వచ్చింది, కడపకు బుగ్గవంక ఉండనే ఉంది. బ్యాంకు లీగల్ రిపోర్టులో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయన్న గడి ఉండదు. పక్కింటి గోడ మీద మరక అడగకుండానే చెబుతుంది.

22-ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) కూడా మీరే చూసుకోండి, రిజిస్ట్రేషన్ ముందు రోజు ఇంకోసారి. డీకేటీ (ప్రభుత్వం పేదలకు పట్టాగా ఇచ్చిన), దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. పాత ఊళ్ళో ఇళ్ళు కొన్ని గ్రామకంఠంలోవి (ఊరి నివాసాలకు వదిలిన నేలలోవి). వాటికి పాసుబుక్కు ఉండదు. ఇంటి పన్ను రసీదు టైటిల్ కాదు, స్వాధీనానికి ఒక ఆధారం మాత్రమే.

హంద్రీ_గట్టు:
నేల సంగతి ఒప్పుకుంటా, వంక విషయం మరీను. కానీ లోన్ పెట్టడం మానొద్దని మాత్రం గట్టిగా చెబుతా. ప్యానెల్ లాయరు ఫీజు కట్టేది మనమే కాబట్టి లీగల్ రిపోర్టు కాపీ అడగండి. కొందరు ఇస్తారు, కొందరు నసుగుతారు. అందులో "ఈ డాక్యుమెంట్లు తెస్తే" అన్న షరతులు చదివితే లోపం ఎక్కడుందో బయటపడుతుంది. ఒక జాతీయ బ్యాంకు కాదన్న ఇంటికి ఎక్కువ వడ్డీకి ఇచ్చే ఫైనాన్సు కంపెనీ లోన్ ఇస్తే దాన్ని క్లియరెన్సు అనుకోకండి. వాళ్ళు వడ్డీలోనే ఆ రిస్కు కలిపేసుకుంటారు.

సెంటు_లెక్క:
అయితే అడ్వాన్సు ఎప్పుడివ్వాలి?

పెన్నా_ఇసుక:
బయానా (అడ్వాన్సు) చిన్నదిగా, చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో, రాతపూర్వక అగ్రిమెంటుతోనే. అందులో రెండు షరతులు మీ మాటల్లోనే రాయించండి: బ్యాంకు లీగల్ రిపోర్టు అనుకూలంగా రాకపోయినా, ఫలానా తేదీలోపు వారసులందరూ సంతకానికి రాకపోయినా బయానా పూర్తిగా వాపసు. ఈలోపు లోకల్ ఎడిషన్లో పేపరు ప్రకటన ఇచ్చి రెండు వారాలు ఆగండి. ప్రకటన మాట ఎత్తగానే ఇంటాయన "అవన్నీ ఎందుకు, ఊళ్ళో పరువు" అన్నాడంటే, ఎవరు చూస్తారని భయపడుతున్నాడో మెల్లగా కనుక్కోండి.